డైపర్ అంచున ఆగిన ఎరుపు

"నీళ్లు ఎవరు పోశారు?"

ఆ మాట అడిగినప్పుడు డాక్టరమ్మ తలెత్తలేదు. ఆమె చూపంతా బల్ల మీద బోర్లా పడుకోబెట్టిన పిల్ల మీదే ఉంది. ఏడ్చి ఏడ్చి పిల్ల గొంతు బొంగురుపోయింది. ఇప్పుడు ఏడుపు కూడా రావడం లేదు, పిల్లికూనలా సన్నగా మూలుగుతోంది. నడుం కింద నుంచి తొడల మొదలు దాకా చర్మం కమిలిపోయింది. అక్కడక్కడా నీటిబొబ్బలు లేచాయి. ఒక బొబ్బ చితికి, పైపొర తడిసిన కాగితంలా ఊడి వచ్చింది.

"నేనే," అంది పుల్ల.

ఇంటా బయటా అందరికీ ఆమె పుల్లే. అగ్గిపుల్లంత సన్నం, అగ్గిపుల్లంత కోపం అని చిన్నప్పుడు వాళ్లక్క పెట్టిన పేరు. ఆ కోపం ఇప్పుడు ఎక్కడికి పోయిందో!

"ఎంత వేడిగా పోశారు?"

"గోరువెచ్చగానేనండీ. మోచెయ్యి ముంచి చూస్తాను. రోజూ చూస్తాను."

"రోజూ సంగతి కాదు. ఇవాళ చూశారా?"

ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వచ్చాక, వేశానా లేదా అని ఒక్కోసారి కాళ్లు ఆగిపోతాయే, అలా ఆగిపోయింది పుల్ల బుర్ర. రోజూ చేసే పని. ఇవాళ కూడా చేసే ఉంటుంది. చేసే ఉండాలి.

"చూశాననే అనుకుంటున్నాను."

డాక్టరమ్మ అప్పుడు తలెత్తింది. పుల్ల గబగబా అందుకుంది.

"డైపర్ ర్యాష్ అనుకుని తీసుకొచ్చానండీ. మొన్నామధ్య కూడా కొంచెం ఎర్రబడితే క్రీమ్ రాశాం, తగ్గిపోయింది."

"ఇది ఆ ర్యాష్ కాదమ్మా. తడికీ ఒరిపిడికీ వచ్చేది డైపర్ రుద్దుకునే చోట ఎర్రబడుతుంది. గాలి తగలనిచ్చి, పొడిగా ఉంచితే రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. ఫంగస్ అయితే మడతల్లోకి పాకుతుంది, చుట్టూ చిన్న చిన్న ఎర్రచుక్కలు వస్తాయి. రాత్రి బాగున్న పిల్లకి తెల్లారేసరికి ఇన్ని బొబ్బలు లేచాయంటే..." ఆమె చేతి తొడుగులు విప్పి డబ్బాలో పడేసింది. "చూడ్డానికి కాలిన గాయంలా ఉంది."

గది గోడ మీద రంగురంగుల చేపల బొమ్మలున్నాయి. వాటిలో ఒక చేప కన్ను చెరిగిపోయింది. పుల్ల ఆ చెరిగిన కన్నునే చూస్తూ నిలబడింది. వేరే ఎటు చూసినా పిల్లే కనిపిస్తుంది.

"నిన్న ఏమేం తింది?"

"పాలు, బ్రెడ్డు, అరటిపండు. రోజూ పెట్టేవే."

ఆ జవాబు చెప్పేటప్పుడు ఒక మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. చిన్న మాటే. ఈ బొబ్బలకీ దానికీ ఏం సంబంధం, అనుకుంది పుల్ల. మింగేసింది.

"ఇలాంటివి చూస్తే పిల్లల రక్షణ శాఖకి కబురు చెయ్యాలి. నాకు వేరే దారి లేదు," అంది డాక్టరమ్మ. గొంతు కటువుగా లేదు. అదే మరీ భయంగా ఉంది. "అధికారి వస్తారు. అప్పటిదాకా పిల్ల ఇక్కడే ఉంటుంది."

"ఆ తర్వాత ఇంటికి తీసుకెళ్లొచ్చు కదండీ?"

"అది వాళ్లు తేలుస్తారు. ఇంటికి పంపాలా, తమ దగ్గర ఉంచుకోవాలా అన్నది."

పుల్ల ఫోన్ తీసి అక్కకి కబురు చేసింది.

నర్సు లోపలికొచ్చింది. పెద్ద మనిషి, చేతులు మాత్రం మెత్తన. మూతికి చిల్లున్న సీసాతో గోరువెచ్చని నీళ్లు ధారగా పోసి కడిగింది. తుడవలేదు. మెత్తటి గుడ్డ అద్ది తీసింది. కాసేపు గాలికి ఆరనిచ్చి, తెల్లటి జింకు క్రీమ్ వేలినిండా తీసుకుంది.

"గోడకి సున్నం కొట్టినట్టు మందంగా పట్టించాలి. పల్చగా రాస్తే రాయనట్టే. మళ్లీ మార్చేటప్పుడు అంతా గీకి పారెయ్యకూడదు. మురికైన పైపొర తీసి, దాని మీదే ఇంకాస్త పూయాలి. సెంటు వాసనొచ్చే తడిగుడ్డలు, పౌడర్లు వద్దు. తడిసిన డైపర్ తడిసినప్పుడే మార్చాలి."

"ఇవన్నీ చేస్తానండీ నేను. నిజంగా చేస్తాను."

"అందరూ ఇదే మాటంటారమ్మా," అంది నర్సు పిల్ల కాలు నిమురుతూ.

*

అక్క పరుగున వచ్చింది. బ్రెడ్డు ఫ్యాక్టరీలో ప్యాకింగు చూసే మనిషి. జుట్టుకి పెట్టుకున్న వల తీయడం కూడా మర్చిపోయింది. పొద్దు పొడవకముందే పనికి వెళ్తుంది. బావది ఓడ మీద ఉద్యోగం, ఎప్పుడో గాని ఇంటికి రాడు. కనక పగలంతా పిల్లకి అమ్మా నాన్నా పుల్లే. కుట్టుపని చేసే చోట ఉద్యోగం ఊడి, ఉండటానికి గది కూడా లేనప్పుడు ఆ ఇంట్లో చోటిచ్చారు. అప్పటి నుంచి పిల్ల ఆమె చంకలోనే పెరిగింది.

"పిడుగూ! నా తల్లీ!"

నడక రాగానే ఆ పిల్లకి ఆ పేరు స్థిరపడిపోయింది. సొరుగు కనిపిస్తే లాగుతుంది, జేబు కనిపిస్తే చెయ్యి పెడుతుంది, చెప్పు కనిపిస్తే నోట్లో పెట్టుకుంటుంది. ఇప్పుడు మాత్రం బోర్లా పడుకుని, అమ్మ వేలు పట్టుకుని, కదలకుండా ఉంది. పిడుగు కదలకుండా ఉండటం పుల్ల ఇంతవరకూ చూడలేదు.

డాక్టరమ్మ చెప్పిందంతా అక్క వింది. తర్వాత పుల్లని వరండాలోకి లాక్కెళ్లింది.

"నీళ్లలో చెయ్యి పెట్టి చూశావా?"

"అక్కా..."

"సూటిగా చెప్పవే. చూశావా, లేదా?"

"నన్ను అనుమానిస్తున్నావా?"

"లేదు."

"మరి ఇదేంటి?"

"భయమే, పుల్లా. భయమేస్తోంది నాకు." "దాన్ని తీసుకెళ్లిపోతే ఏం చెయ్యను? మీ బావకి ఏమని చెప్పను? నువ్వు ఏదో ఒకటి గట్టిగా చెప్పు. చెప్తే నమ్ముతాను."

గట్టిగా చెప్పడానికి ఏముంది పుల్ల దగ్గర? పొద్దున్న జరిగింది ఒకటికి పదిసార్లు తల్లో తిప్పుకుంది. ఎండ కిటికీలోకి వచ్చేదాకా పిడుగు లేవలేదు. లేచాక పుల్ల నిద్రమొహంతోనే డైపర్ విప్పింది. వాసన ముక్కు పగలగొట్టింది. చంకనేసుకుని స్నానాలగదికి పరిగెత్తింది. కుళాయి తిప్పి బకెట్లో నీళ్లు పట్టి, చెంబుతో పోసింది. నీళ్లు తగలగానే పిడుగు పెట్టిన కేకకి పక్కింటావిడ కిటికీ తెరిచింది. తను ఎరుపు చూసింది అప్పుడే. మరి నీళ్లు పోయకముందు ఉందా ఎరుపు? పోశాక వచ్చిందా? మురికిలో కనపడలేదా, లేక అసలు లేనే లేదా?

తన చేతులు తనవి కానట్టు చూసుకుంది పుల్ల. ఈ చేతులతోనే కదా కాల్చాను? కాల్చానా?

*

అధికారి వచ్చింది. చదునైన చెప్పులు, భుజాన పెద్ద సంచీ, ఎంత మాటైనా ఒకే స్థాయిలో అనే గొంతు. పిల్లని చూసింది, డాక్టరమ్మతో మాట్లాడింది, అక్కని పిల్ల దగ్గరే ఉండమంది. పుల్ల వైపు తిరిగింది.

"మీ ఇల్లు చూడాలి. స్నానాలగది ముఖ్యంగా."

ఇల్లు రెండు వీధుల అవతలే. దారిపొడుగునా పుల్ల ఒక్కటే అడిగింది. "పిల్లని తీసుకెళ్లిపోతారాండీ?"

"నేను ముందుగా ఏదీ అనుకోనమ్మా. అడుగుతాను. చెప్పింది వింటాను. ఒక నియమం మాత్రం ఉంది నాకు. ప్రశ్నలో జవాబు పెట్టను. పెడితే భయపడ్డవాళ్లు దానికే తలూపుతారు."

మెట్లెక్కి తలుపు తీసేసరికి మాస్టారు కుర్చీలోంచి లేవబోయి, మోకాళ్లు పట్టేసి మళ్లీ కూర్చున్నాడు. బావ వాళ్ల నాన్న. చిన్న స్టేషనులో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆ రోజుల్లో బండి వచ్చేముందు మైకు కూడా ఆయనే పట్టుకునేవాడట. ఇంట్లో ఇప్పటికీ అన్నీ టైముకే జరగాలి. టైముకి కదలనిది ఒక్కటే. సెలవు రోజున పొద్దున్నే పేపరు పట్టుకుని ఆయన స్నానాలగదిలోకి వెళ్తే, బయట అక్క తువ్వాలు భుజానేసుకుని, "మావయ్యగారి బండికి ఇంకా సిగ్నల్ పడలేదే," అని గొణుగుతుంది. ఆ మాట ఆయన చెవిన పడిన రోజు భోజనానికి కూడా తలెత్తడు.

"చిన్నమ్మాయ్, పిడుగెలా ఉంది? ఈవిడెవరు?"

పుల్ల చెప్పింది. మాస్టారి మొహం పాలిపోయింది. తర్వాత నిటారుగా కూర్చుని అధికారి వంక చూశాడు.

"చూడమ్మా. ఈ పిల్ల చీమకైనా హాని తలపెట్టదు. నా మాట రాసుకో."

పుల్లకి ఏడుపొచ్చినంత పనైంది. పొద్దున్నించీ తన తరఫున ఒక్క మాటన్నది ఈ మనిషే.

అధికారి సంచీలోంచి థర్మామీటరు తీసి స్నానాలగదిలోకి వెళ్లింది. కుళాయి తిప్పి, గిన్నె పట్టి, నీళ్లలో ఉంచింది. పుల్ల గుమ్మంలో నిలబడి చూస్తోంది. అద్దం మీద ఆవిరి పట్టింది. ఎప్పుడూ పట్టదు అలా.

"గీజరు వేడి పెంచే మరను చివరిదాకా తిప్పారు," అంది అధికారి.

"నేను ముట్టుకోలేదండీ! నాకు తెలీదు!"

"నేనే తిప్పాను," అని వెనక నుంచి మాస్టారు. గోడ పట్టుకుంటూ వచ్చాడు. "నిన్న సాయంత్రం మోకాళ్లకి కాపడం పెట్టుకుందామని. మళ్లీ తగ్గించడం మర్చిపోయాను."

అధికారి థర్మామీటరు తుడిచి దాచింది. పుల్ల లెక్కేసుకుంది. అంటే పొద్దున్న కుళాయిలోంచి వచ్చింది ఇవే నీళ్లు. ఇంత పొగలు కక్కే నీళ్లు. చన్నీళ్లు కలిపిందా తను? ఎంత కలిపింది?

"ఎలా కడిగారో చేసి చూపించండి," అని అధికారి కుర్చీలో ఉన్న దిండు తీసి చేతికిచ్చింది. "ఇది పిల్ల అనుకోండి."

పుల్ల దిండుని ఎడమచేతి మీద బోర్లా వేసుకుంది. అరచెయ్యి పొట్ట కింద, వేళ్లు తొడ చుట్టూ. కుడిచేత్తో చెంబు ముంచింది. లేని నీళ్లు పోసింది. తర్వాత అదే చేత్తో కడిగింది. కడుగుతూ కడుగుతూ ఆగిపోయింది.

"ఏమైంది?"

"నా చేతులండీ." దిండు కింద పెట్టి రెండు అరచేతులూ చాపింది. "నీళ్లు పిల్ల మీద నుంచి నా ఎడమచేతి మీదికే కారాయి. కుడిచేత్తో కడిగాను. చూడండి. ఏం లేదు. ఎర్రగా కూడా లేదు."

అధికారి ఆ చేతులు అటూ ఇటూ తిప్పి చూసింది. "పసిపిల్లల చర్మం పల్చనమ్మా. మీ చెయ్యి ఓర్చుకున్న వేడి దానికి పడకపోవచ్చు."

అంతే. వచ్చిన కాస్త ఊపిరీ మళ్లీ పోయింది.

"పొద్దున్న విప్పిన డైపర్ ఏదీ?"

బాల్కనీలో చెత్తబుట్టలో ఉంది, పాత పేపర్లో చుట్టి. అధికారి తొడుగులు వేసుకుని, బాల్కనీ నేల మీద పేపరు పరిచి, దాన్ని విప్పింది. పుల్ల ముక్కు మూసుకుంది. బాల్కనీ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న మాస్టారు మొహం తిప్పుకున్నాడు. మలం గట్టిగా లేదు. నీళ్లలా, ముదురు రంగులో, ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా పరుచుకుని ఎండిపోయింది.

"విరేచనాలయ్యాయని డాక్టరుకి చెప్పారా?"

"లేదండీ. బొబ్బలు చూసిన కంగారులో అదే గుర్తు రాలేదు. పిల్లలకి అప్పుడప్పుడూ అవుతుంటాయి కదా అని..."

"రాత్రి ఎన్నిసార్లు మార్చారు?"

"పడుకునేముందు ఒక్కసారే. మధ్యలో లేవలేదు. నిద్రపోయే పిల్లని లేపడమెందుకని..." పుల్ల మాట ఆపేసింది. ప్రతి జవాబూ తన మెడకే చుట్టుకుంటోంది.

తల దించుకుంది. దించుకున్న కళ్లకి పరిచిన డైపర్ కనిపించింది. ముందు వెడల్పు, మధ్యలో సన్నం, వెనక వెడల్పు. తొడల దగ్గర రెండు వైపులా రబ్బరు కుట్లు. పైన నడుం దగ్గర తిన్నటి అంచు. మరక సరిగ్గా ఆ అంచుల మధ్యే ఉంది.

ఈ ఆకారం ఎక్కడ చూసింది?

డాక్టరమ్మ బల్ల మీద. ఇప్పుడే. పిడుగు ఒంటి మీద.

"అమ్మా," అంది పుల్ల. "ఆ ఎరుపు ఎక్కడ ఆగిందో చూశారా మీరు?"

"చెప్పండి."

"పైన నడుం దగ్గర స్కేలు పెట్టి గీసినట్టు ఆగింది. తొడల దగ్గర రబ్బరు ఎక్కడ పట్టి ఉంటుందో అక్కడే ఆగింది. ఇదిగో, ఇలాగే." వంగి, తాకకుండా, వేలితో గాల్లో గీసి చూపించింది. "నేను నీళ్లు పోసింది డైపర్ విప్పాక కదండీ. ఒంటి మీద గుడ్డపేలిక లేదు. నీళ్లకి అంచెక్కడుందో ఎలా తెలుస్తుంది? ఒంటి నిండా పారాలి. మోకాళ్ల మీదికి, పాదాల మీదికి కారాలి. పాదాలకి ఏమీ లేదు!"

అధికారి మొహంలో మార్పు లేదు. కానీ ఫోన్ తీసి డాక్టరమ్మకి కలిపింది. స్పీకరు పెట్టి మాస్టారి పక్కనున్న బల్ల మీద ఉంచింది.

"మీరు చెయ్యకపోతే నేనే చేసేదాన్ని," అంది డాక్టరమ్మ అటు నుంచి. "మందు మళ్లీ వేసేముందు ఇంకోసారి చూశాను. పిరుదుల మధ్య మడత విప్పి చూస్తే లోపల చర్మం చెక్కుచెదరలేదు, కడిగిన నీళ్లయితే అక్కడికీ చేరేవి. కాళ్ల మీద ఒక్క మచ్చ లేదు. ఇది వేడినీళ్ల పని కాదేమో అనిపిస్తోంది. పిల్లకి విరేచనాలయ్యాయా?"

"అయ్యాయి. డైపర్ నా ముందే ఉంది. రాత్రంతా అందులోనే ఉంది పిల్ల," అంది అధికారి.

డాక్టరమ్మ వెంటనే అందుకుంది.

"అయితే ఒక్క సంగతి తేలాలి. పెద్దవాళ్లు మలబద్ధకానికి వాడే మందుల్లో ఒక ఆకు ఉంటుంది. పెద్దవాళ్లు వెంటనే కడుక్కుంటారు కనక ఒంటికేం కాదు. పసిపిల్ల మింగితే ఆ విరేచనం డైపర్లో చర్మానికి అంటుకుని, గంటల తరబడి ఉండి, నిప్పు పెట్టినట్టు కాల్చేస్తుంది. అచ్చం వేడినీళ్ల గాయంలాగే ఉంటుంది. చాలామంది పొరబడతారు. నేనూ పొరబడ్డాను."

"ఆ ఆకు పేరు చెప్పకండి డాక్టర్," అంది అధికారి గబుక్కున. "ఇంట్లో ఉంటే ఉన్నవాళ్లే చెప్పాలి. మనం చెప్పి తలూపిస్తే అది రుజువు కాదు. పిల్లని ఇంటికి పంపాలంటే నాకు రుజువు కావాలి."

ఆమె పుల్ల వైపు తిరిగింది. "నిన్న పిల్ల ఇంకేమైనా తిందా?"

మింగేసిన మాట మళ్లీ గొంతులోకి వచ్చింది.

నిన్న సాయంత్రం. మాస్టారు కుర్చీలో కునుకు తీస్తున్నాడు. ఆయన ఒళ్లో పిడుగు. వంటింట్లోంచి వచ్చి ఎత్తుకుంటే, పిడుగు పెదాల చుట్టూ గోధుమరంగు మరక, తియ్యటి చాక్లెట్ వాసన. ఈ ఇంట్లో పిడుగుకి చాక్లెట్ పెట్టకూడదని అక్క ఆర్డరు. తాత చాటుగా పెట్టుంటాడు, తెలిస్తే అక్క చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది, పాపం ముసలాయన అనుకుంది. కొంగుతో తుడిచేసి ఊరుకుంది.

ఇప్పుడు చెప్తే? డాక్టరుతో అబద్ధమాడినట్టే. ఒకటి దాచిన మనిషి ఇంకెన్ని దాచిందో అంటారు. చెప్పకపోతే? పిడుగు వేరే ఎవరి ఇంట్లోనో, ఎవరో తెలియని వాళ్ల చేతుల్లో నిద్ర లేస్తుంది.

"అబద్ధం చెప్పానండీ," అంది పుల్ల. "పొద్దున్న డాక్టరుగారికి. పాలు, బ్రెడ్డు, అరటిపండు అన్నాను. నిన్న పిల్ల మూతికి చాక్లెట్ అంటుకుని ఉంది. అక్కకి తెలియకూడదని తుడిచేశాను."

"ఏం తుడిచేశావ్?" ఫోన్లోంచి అక్క గొంతు. డాక్టరమ్మ పక్కనే ఉందన్నమాట. "చాక్లెట్టా? మనింట్లో చాక్లెట్ ఎక్కడిదే?"

పుల్ల కళ్లు మాస్టారి మీద ఆగాయి. ఆయన కుడిచెయ్యి చొక్కా జేబు మీద ఉంది. ఎండలో నడిచొచ్చిన వాడిలా చెమటలు కారుతున్నాయి.

ఆ జేబులో ఎప్పుడూ ఒక రేకు డబ్బా ఉంటుంది. గొంతు బిళ్లలు అంటాడు. నడిస్తే గలగలలాడుతుంది. ఆ చప్పుడంటే పిడుగుకి ప్రాణం. గలగల వినపడితే చాలు, ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి జేబులో చెయ్యి పెడుతుంది.

గొంతు బిళ్లలైతే చాక్లెట్ వాసన ఎందుకొస్తుంది?

"మావయ్యగారూ," అంది పుల్ల మెల్లగా. "ఆ డబ్బాలో ఏమున్నాయండీ?"

"గొంతు బిళ్లలమ్మా."

"ఒకసారి తెరిచి చూపిస్తారా?"

"చూసేదేముంది? గొంతు బిళ్లలు."

అధికారి చెయ్యి చాపలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "మాస్టారూ, నేను లాక్కోను. మీరే చెప్పాలి."

పరిచి ఉన్న డైపర్ వైపు మాస్టారి కళ్లు వెళ్లాయి, వెంటనే వెనక్కి వచ్చాయి. కోడలు ఫోన్లో వింటోంది. కోడలి చెల్లెలు ఎదురుగా నిలబడింది. ముక్కూ మొహం తెలియని ఆడమనిషి మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంది. ఈ ముగ్గురి ముందూ ఆ సంగతి చెప్పడం కంటే పట్టాల మీద పడుకోవడం సుఖమన్నట్టుంది ఆయన మొహం.

పుల్లకి ఒక్కసారిగా అర్థమైంది, ఆ పేపరు, ఆ మూసిన తలుపు, ఆ సిగ్నల్ జోకు, భోజనానికి తలెత్తని ఆ రోజులు. మందు పెట్టె ఇంట్లోకి తెస్తే ఎవరైనా పేరు చదువుతారని ఈ పెద్దమనిషి రేకులు విప్పి, బిళ్లలు మార్చి, వేరే డబ్బాలో దాచుకున్నాడు. నవ్వు రావాల్సిన సంగతి. నవ్వు మాత్రం రాలేదు.

"మావయ్యగారూ." మళ్లీ అక్క గొంతు. ఈసారి అరుపు కాదు, బతిమాలడం. "మీరేం వాడుతున్నా నాకు పర్లేదండీ. నేను ఇంకెప్పుడూ అలా మాట్లాడను. పిడుగుని తీసుకెళ్లిపోతారటండీ. పుల్ల మీద కేసు పెడతారట. మీకు తెలిసింది చెప్పండి, చాలు."

వెనక పిడుగు మూలుగు. ఆ తర్వాత బొంగురు గొంతుతో ఒకే ఒక్క మాట: "తా... తా."

మాస్టారు కళ్లు మూసుకున్నాడు. జేబులోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. అది గలగలమంది. బొటనవేలితో మూత లేపాడు. లోపల గోధుమరంగు చదరపు బిళ్లలు. గది నిండా చాక్లెట్ వాసన.

"నిన్న కునుకులోంచి లేచేసరికి మూత ఊడి ఉంది," అన్నాడు. "బిళ్లలు తగ్గాయి. మహా అయితే కడుపు కాస్త జారుతుంది, తెల్లారేసరికి సర్దుకుంటుంది అనుకున్నాను. పొద్దున్న బొబ్బలంటే, నీళ్లంటే... కడుపులోకి పోయింది ఒంటి మీద కాలుతుందని నాకేం తెలుసు? నోరు తెరిస్తే ఎందుకు వాడుతున్నావని అడుగుతారు. ఆ సిగ్గుకి నోరు మూసుకున్నాను. చిన్నమ్మాయ్, నిన్ను నిలబెట్టి అడుగుతుంటే కూడా మూసుకునే కూర్చున్నాను."

"మందు పేరు, మాస్టారూ," అంది అధికారి.

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. ఈసారి మోకాళ్లు పట్టేసినా కూర్చోలేదు. ఫోన్ వైపు వంగాడు. బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో స్టేషనంతా వినపడేలా చెప్పిన ఆ పాత గొంతు, ఎన్నాళ్లకో మళ్లీ బయటికొచ్చింది.

"పిల్లని కాల్చింది నీళ్లు కాదు, పుల్ల చేతులు కాదు. నా జేబులోని మందు. సునాముఖి ఆకు."